ఎడమ కంటికి కనబడని బాణం

కోటిలింగం ఆ పొద్దున కాఫీని గ్లాసులో పోయలేదు, గ్లాసుకి జానెడు ఇవతల పోశాడు. అదీ ఏదో చెయ్యి వణికి ఒలికించినట్టు కాదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎంతో శ్రద్ధగా, ఒక్క చుక్క చిందకుండా, ఒకే ధారగా గట్టు మీద పోసి, "తాగు భ్రమరా, చల్లారిపోతుంది" అన్నాడు.

కాఫీ గట్టు మీద మడుగు కట్టి, అంచు దాటి, భ్రమరాంబ కాళ్ళ మీదకి కారుతోంది. ఆవిడ మునిసిపల్ బాలికల హైస్కూల్లో పీఈటీ టీచరు. ఇరవై రెండేళ్ళుగా బెజవాడ ఎండలో నిలబడి, నాలుగొందల మంది ఆడపిల్లల్ని ఒక్క ఈలతో వరసలో పెడుతున్న మనిషి. ఇంట్లో ఉన్న ఒక్క మొగుణ్ణి వరసలో పెట్టడం మాత్రం ఈమధ్య ఆవిడ వల్ల కావడం లేదు.

"ఏమండీ, గ్లాసు కనబడుతోందా మీకు?"

"కనబడకేం? అదిగో."

"మరి కాఫీ ఎక్కడుంది?"

అప్పుడు చూశాడు కోటిలింగం. కాసేపు చూసి, "గ్లాసు జరిగినట్టుంది" అన్నాడు.

భ్రమరాంబకి ఒళ్ళు మండిపోయింది. ఈ వారంలో జరగడం నేర్చుకున్నది గ్లాసు ఒక్కటే కాదు. సోమవారం దండెం జరిగింది. తడి తువ్వాలు దండెం మీద కాకుండా దాని ముందున్న గాలి మీద ఆరేసి, కింద పడితే దండేన్ని తిట్టాడు. మంగళవారం పూజగూట్లో పటం వెనక్కి జరిగింది. మందారప్పువ్వు పటానికి పెట్టబోయి దీపంలో పెట్టాడు. నిన్నటికి నిన్న వీధి గేటు ముందుకి జరిగొచ్చి స్కూటర్ని గుద్దింది. గేటు గుద్దడమేమిటని అడిగితే, "నేను ఇంకా దూరంలోనే ఉన్నాను" అన్నాడు. అప్పటినుంచి స్కూటరు తాళంచెవి ఆవిడ హ్యాండుబ్యాగులో ఉంది.

కళ్ళ డాక్టరు దగ్గరికి పదండి అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఆయన దగ్గర ఒకటే జవాబు. "నాకేం లేదు. ప్రతి సోమవారం ల్యాబులో పరీక్ష పెడతారు. దూరం, దగ్గర అన్నీ చూస్తారు. నాకు వందకి వంద."

ఆ వందకి వంద మాట ఇవాళ కూడా అనేసరికి ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. హెడ్మిస్ట్రెస్‌కి ఫోన్ చేసి సెలవు చెప్పింది. మొగుణ్ణి స్కూటరు వెనకాల కూర్చోబెట్టుకుని కొండపల్లి దారి పట్టింది. ఆ వంద మార్కులు వేసిన మహానుభావుల్ని స్వయంగా చూడాలనిపించింది ఆవిడకి.

*

ఆ ల్యాబు పేరు దృశ్యలోక పరిశోధన కేంద్రం. అక్కడ చేసే పని వింటే వింతగానే ఉంటుంది. మెదడులో రక్తనాళాలు చిక్కుపడిన రోగికి ఆపరేషన్ చేసే ముందు, ఏ నాళం ఎటు పోతోందో సర్జన్లకి తెలియాలి. స్కానింగులో అన్నీ కలగాపులగంగా కనబడతాయి. అందుకని ఆ స్కానింగుని ఇల్లంత చేసి, కళ్ళకి తగిలించుకునే ఒక పెట్టెలో చూపిస్తారు. పెట్టె తగిలించుకున్నవాడు రోగి తల లోపల నిలబడ్డట్టే ఉంటుంది. చుట్టూ పైనుంచి కిందికి మర్రి ఊడల్లా ఎర్రటి నాళాలు. ఒక్కొక్కదాన్నీ మొదలు నుంచి చివరిదాకా గీత గీస్తూ గుర్తుపెట్టాలి. అలా పటం తయారైతే కత్తి ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తేలుతుంది.

గీత గియ్యడానికి వాళ్ళు చేతులకి తొడుక్కునే గ్లవ్స్ కనిపెట్టారు. గ్లవ్స్ బాగానే ఉన్నాయి. చేతులే బాగాలేవు. గాల్లో చేతులు చాచి ఇరవై నిమిషాలు గీస్తే భుజాలు పడిపోతున్నాయి. ఒక తల పూర్తి కావడానికి రెండు రోజులు పట్టేది.

ఎనిమిది నెలల క్రితం కోటిలింగం ఆ ల్యాబుకి వెళ్ళింది ప్రూఫులు చూపించడానికి. ఇరవై ఎనిమిదేళ్ళుగా గవర్నరుపేటలో డీటీపీ చేస్తున్నాడాయన. పాఠ్యపుస్తకాలు, పెళ్ళి కార్డులు, పంచాంగాలు ఆయన చేతి మీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్కలేదు. ల్యాబు వాళ్ళు తెలుగులో ఒక కరపత్రం వేయించుకుంటున్నారు. లోపలికి వెళ్ళేసరికి నలుగురు ఇంజనీర్లు పెట్టెలు తగిలించుకుని, చేతులు ఆడిస్తూ, మిద్దె మీద పావురాల్ని తోలుతున్నవాళ్ళలా ఉన్నారు. కోటిలింగం కాసేపు చూశాడు. చూసి, "మౌస్ పెట్టుకోవచ్చుగా?" అన్నాడు.

అందరూ నవ్వారు. ల్యాబు పెద్ద డాక్టర్ శేషఫణి మర్యాదస్తుడు కాబట్టి వివరించాడు. "మౌస్‌కి బల్లే లోకమండీ. కుడి, ఎడమ, పైన, కింద. లోతు దానికి తెలీదు."

"లోతు దానికెందుకండీ? బాణం దేనిమీద పడితే అది దొరికినట్టే కదా. దగ్గరున్నదైనా దూరమున్నదైనా దానికి ఒకటే."

ఆ మాటకి నవ్వు ఆపింది ఒక్కతే, నౌషీన్ అనే ఇంజనీరు. పక్క టేబుల్ మీదున్న మామూలు మౌస్, వైరు కూడా సరిగా లేనిది, తీసుకొచ్చి తగిలించింది. మొదట్లో ఒక ఇబ్బంది వచ్చింది. దూరంగా ఉన్న నాళాన్ని చూస్తే బాణం రెండుగా కనబడేది, ఒక్కో కంటికి ఒక్కోచోట. రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని నౌషీన్ ఎడమ కంటికి బాణం కనబడకుండా చేసేసింది. కుడి కంటికి మాత్రమే బాణం. అంతే, సమస్య తీరిపోయింది. కోటిలింగం కుర్చీలో కూర్చుని, మోచెయ్యి బల్ల మీద ఆనించి, పంచాంగంలో గళ్ళు గీసినంత నిదానంగా నలభై నిమిషాల్లో ఒక తల పూర్తిచేశాడు. సర్జన్లు చూసి ఒక్క తప్పు పట్టలేకపోయారు.

మర్నాడే ఉద్యోగం ఇచ్చారు. డీటీపీ సెంటర్లు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, ఆయన చేతికి ఉన్న పనితనానికి ఇంత మర్యాద దక్కడం చూసి భ్రమరాంబ కూడా పొంగిపోయింది. ఇంటికొచ్చి, "ఇవాళ మూడు తలలు చేశాను భ్రమరా" అంటుంటే, ఆ మాట పక్కింటివాళ్ళు విన్నారేమోనని కంగారుపడుతూనే మురిసిపోయేది. ఎనిమిది నెలల్లో మూడొందల పైచిలుకు తలలు. కాఫీ గట్టు మీదకి వచ్చింది ఆ తర్వాత.

*

"టీచరు గారూ, అనవసరంగా కంగారు పడుతున్నారు" అన్నాడు శేషఫణి. కంప్యూటర్లో కోటిలింగం మార్కులు చూపించాడు. ఆ పరీక్ష మొదలుపెట్టి ఇరవై వారాలు, ఇరవై వందలు.

"ఏం పరీక్ష ఇది?"

"లోతు పరీక్ష. పెట్టెలో పది బంతులు కనబడతాయి. ఏది దగ్గర, ఏది దూరమో గుర్తుపట్టి నొక్కాలి."

"దేంతో నొక్కాలి?"

"మౌస్‌తోనే."

భ్రమరాంబ మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, ఏ బంతి దూరమో మీకెలా తెలుస్తుంది?"

"బాణం దానిమీదకి పోతే చిన్నదవుతుంది. దగ్గర బంతి మీద పెద్దదవుతుంది" అన్నాడు కోటిలింగం అమాయకంగా.

నౌషీన్ చెయ్యి నోటి మీదకి వెళ్ళింది. శేషఫణి తెర మీది వందల వంక మళ్ళీ చూశాడు. చదువుకున్నవాళ్ళు, డాక్టరేట్లు ఉన్నవాళ్ళు, ఇరవై వారాల పాటు బాణానికి పరీక్ష పెట్టి మనిషికి మార్కులు వేస్తున్నారు. మా తొమ్మిదో తరగతి పిల్లలు కూడా ఇంత సిగ్గులేకుండా కాపీ కొట్టరు అనుకుంది భ్రమరాంబ.

"ఆ పెట్టె తీసేసి ఎప్పుడైనా పరీక్ష పెట్టారా?"

"పెట్టె తీసేస్తే... దేనిమీద పెట్టాలండీ?" అన్నాడు శేషఫణి.

"ఈ ల్యాబులో ఒక బంతి ఉందా?"

లేదు. లక్ష బంతులు గాల్లో పుట్టించగల ల్యాబులో, చేత్తో పట్టుకునే బంతి ఒక్కటి కూడా లేదు. ఆవిడే బ్యాగులోంచి టెన్నికాయిట్ రింగు తీసింది. ఆ రబ్బరు చక్రం లేకుండా ఆవిడ ఇల్లు కదలదు. వరండాలోకి తీసుకెళ్ళి కోటిలింగాన్ని గోడ ముందు నిలబెట్టి, పదడుగులు వెనక్కి వచ్చింది.

"పట్టుకోండి."

ఆరో తరగతి పిల్లకి వేసినంత మెత్తగా వేసింది. రింగు ఇంకా మూరెడు దూరంలో ఉండగానే ఆయన చేతులు టపీమని మూసుకున్నాయి. రింగు నెమ్మదిగా వచ్చి ఛాతీకి తగిలి కింద పడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. పదిసార్లు వేస్తే ఎనిమిదిసార్లు ఆయన గాలిని పట్టుకున్నాడు. చివర్లో ముక్కుకి తగిలింది. ముక్కు రుద్దుకుంటూ భార్య వంక చూశాడు. ఆ మొహంలో మొదటిసారి భయం కనబడింది ఆవిడకి. కింద పడిన రింగు ఏరుకుని బ్యాగులో పెట్టేసింది.

"అద్భుతం!" అన్నాడు వెనకనుంచి శేషఫణి. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "నౌషీన్, చూశావా? ఎడమ కంటికి పని లేకుండా చేశాం కదా, మెదడు ఆ కంటి మాట వినడం మానేసింది. దూరం అక్కర్లేదని తీర్మానించేసుకుంది! ఇది రాసుకో, రాసుకో."

"రాసుకోవడం తర్వాత" అంది భ్రమరాంబ. స్కూలు గ్రౌండులో నాలుగొందల మందికి వినబడే గొంతు అది. వరండా చివర్లో ఎవరో గ్లాసు పడేసుకున్నారు. "ముందు బాగుచేసే దారి చూడండి."

*

కళ్ళ డాక్టరు తాయారు గారు గంటసేపు చూసింది. కళ్ళలో జబ్బేమీ లేదనీ, మెదడు ఎడమ కంటిని పక్కనపెట్టిందనీ, ఇంకా పూర్తిగా వదిలెయ్యలేదనీ చెప్పింది. నలభై రోజులు పెట్టె జోలికి, కంప్యూటరు జోలికి వెళ్ళకూడదు. రోజూ కొన్ని గంటలు కుడి కంటికి గంత కట్టి ఎడమ కంటికి పని చెప్పాలి. తర్వాత రెండు కళ్ళతో బంతి పట్టడం అలవాటు చెయ్యాలి.

"మధ్యలో ఒక్కపూట కుడి కంటితో ఆ బాణం పని చేసినా, మళ్ళీ మొదటినుంచి కాదమ్మా, ఇక అక్కడితో సరి" అంది తాయారు. "మెదడు ఒకసారి తిరిగిస్తానంటుంది. రెండోసారి అడిగితే ఇవ్వదు."

నలభై రోజులంటే మండలం. ఆ లెక్క భ్రమరాంబకి బాగా తెలుసు. అదే మాట వాడి ఇంట్లో దీక్ష మొదలుపెట్టింది. నల్లబట్టలు, మాల లేవు గానీ మిగతా నియమాలన్నీ ఉన్నాయి. తెల్లవారకముందే స్నానం, కుడి కంటికి నల్లగుడ్డ, డాబా మీద గంటసేపు రింగు ఆట. టీవీ లేదు. ఫోను లేదు, అది ఆవిడ బ్యాగులో తాళంచెవి పక్కన చేరింది. వీధిలోవాళ్ళు, "ఏంటి కోటిలింగం గారూ, కంటికేమైంది?" అని అడిగితే, "దీక్షండీ" అని చెప్పేవాడు. ఏ దేవుడి దీక్షో అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

మొదటి పదిరోజులు ఆవిడ తల ప్రాణం తోకకి వచ్చింది. పిల్లలకి నేర్పడం సుఖం, వాళ్ళకి తెలియదని వాళ్ళకి తెలుసు. ఈయన ప్రతి రింగు వదిలేశాక ఒక కారణం చెప్పేవాడు. గాలి, ఎండ, నువ్వు తొందరగా వేశావు, కాకి అరిచింది. "కాకికీ మీ చేతికీ ఏమిటి సంబంధం?" అని అరిస్తే, పక్క డాబా మీద బట్టలు ఆరేసుకునేవాళ్ళు ఉలిక్కిపడేవారు.

పదిహేనో రోజున పదింట మూడు పట్టాడు. ఇరవైయ్యారో రోజున ఆరు. ముప్ఫయ్యో రోజు పొద్దున, రెండు కళ్ళూ తెరిచి, ఎనిమిది పట్టి, తొమ్మిదోది ఒంటి చేత్తో పట్టాడు. పట్టిన రింగుని చూసుకుంటూ, "భ్రమరా, నువ్వు అక్కడున్నావు" అన్నాడు. "ఇన్నాళ్ళూ నువ్వు గోడ మీది బొమ్మలా ఉండేదానివి. ఇవాళ నీ వెనకాల గోడ, గోడ ముందు నువ్వు, విడివిడిగా కనబడుతున్నారు."

"ఇన్నేళ్ళకి కనబడ్డాను, సంతోషం" అంది భ్రమరాంబ. కిందికి దిగి వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా ఏడిచింది.

*

ముప్ఫైయ్యొకటో రోజు ఆదివారం. బ్యాగులో ఫోను మోగింది. నౌషీన్.

"మేడమ్, ఏం అనుకోకండి. అంకుల్‌ని ఒక్కసారి..."

"అనుకుంటాను. పెట్టెయ్."

"ఒక్క నిమిషం మేడమ్. నిన్న పొద్దున ఒక కేసు వచ్చింది. నాళాలు పీచులా ముడిపడిపోయాయి. మౌస్ పని ఆపేశాం కదా, ముగ్గురూ గ్లవ్స్‌తో గీశారు. ముగ్గురివీ మూడు రకాలుగా వచ్చాయి. ఏది నిజమో సర్జన్‌కి తెలీట్లేదు. సాయంత్రం ఆరింటికల్లా పటం కావాలి. రేపు పొద్దున్నే ఆపరేషన్. ఆపడానికి లేదంట, ఇప్పటికే రెండుసార్లు రక్తం కారింది."

భ్రమరాంబ అడగకుండా ఉండాల్సింది. "వయసెంత?" అని అడిగింది.

"ఏడేళ్ళు. పాప."

ఫోను పెట్టేసింది. వంటింట్లోకి వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టి, పెట్టిన సంగతి మరిచిపోయి, అది మాడితే పప్పుని తిట్టింది. ఎక్కడి పాపో, ఎవరి పిల్లో. దేశంలో ఇంతమంది డాక్టర్లు, ఇన్ని యంత్రాలు ఉండగా, అది వచ్చి వచ్చి నా మొగుడి ఎడమ కంటి మీద పడాలా? ఇంకో తొమ్మిది రోజులు ఆగలేకపోయిందా ఆ ముడి? పళ్ళేలు కడుగుతూ తిట్టింది, తుడుస్తూ తిట్టింది.

"ఫోను ఎవరిది?" అన్నాడు కోటిలింగం చింతకాయ ఈనెలు తీస్తూ.

"ఎవరో. రాంగ్ నంబరు."

ఆయన నమ్మాడు. ఆ నమ్మడం చూసి ఆవిడకి ఇంకా చిరాకేసింది. పదకొండు దాకా ఓర్చుకుంది. రేపు తమ ఆవరణలోనే ఉన్న ప్రైమరీ స్కూలు ప్రేయర్లో రెండో తరగతి వరస ముందు నిలబడాలి. ఏడేళ్ళ పిల్లలు అరవై మంది ఉంటారు. చేతులు చాచి దూరం కొలుచుకోమని చెప్పాలి. ఈ ఏడుపు తను మొయ్యలేనని ఆవిడకి తెలిసిపోయింది.

వచ్చి ఆయన ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది. కోటిలింగం చింతకాయలు పక్కనపెట్టి, లేచి, చేతులు కడుక్కున్నాడు. చొక్కా కోసం చూస్తుంటే ఆవిడ విసురుగా తెచ్చి చేతికిచ్చింది.

"వద్దనొచ్చుగా ఒక్కసారైనా!" అంది.

"నువ్వూ చెప్పకుండా ఉండొచ్చుగా" అన్నాడాయన.

*

దారి పొడుగునా ఆవిడ ఆలోచించింది. ల్యాబు మెట్లెక్కుతుండగా ఒక ఆలోచన తగిలింది. కుడిచేతి వాటం పిల్లల్ని ఆవిడ ఊరికే వదలదు. రింగు ఆటలో ఒక రోజు కుడి, ఒక రోజు ఎడమ. అలా చెయ్యకపోతే ఒక భుజం పెరిగి ఒక భుజం ఎండుతుంది.

"అమ్మాయ్, ఆ బాణాన్ని కుడి కంటికి ఆపేసి ఎడమ కంటికి చూపించొచ్చా?"

నౌషీన్ ఆలోచించింది. "చూపించొచ్చు మేడమ్. సెట్టింగ్స్‌లో ఒక టిక్కు మార్చడమే."

"ఒక్క టిక్కా?"

"ఒక్కటే."

శేషఫణి కుర్చీలోంచి లేచాడు. "ఎడమ కంటితో అయితే నష్టం లేదు. నిజానికి మేలే! రోజు మార్చి రోజు కన్ను మారిస్తే అసలు ఈ సమస్యే..." అని ఆగిపోయాడు.

"ఎనిమిది నెలలు" అంది భ్రమరాంబ. "ఎనిమిది నెలల్లో ఈ టిక్కు మీలో ఒక్కళ్ళకీ తట్టలేదా?"

"ఎవరూ అడగలేదండీ" అన్నాడు శేషఫణి చిన్న గొంతుతో. ఆ మనిషిని కొట్టాలో వదిలెయ్యాలో తెలియక ఆవిడ గోడ వైపు తిరిగి నిలబడింది.

పన్నెండున్నరకి కోటిలింగం పెట్టె తగిలించుకున్నాడు. ఎడమ కంటికి బాణం. పక్కన తెర మీద ఆయనకి కనబడేదంతా భ్రమరాంబకీ కనబడుతోంది. ఎర్రటి అడవి. అందులో సన్నటి పసుప్పచ్చ గీత తప్పటడుగులు వేస్తూ బయల్దేరింది. నలభై నిమిషాల పని రెండు గంటలకి సగం కూడా కాలేదు. అయినా తప్పు లేకుండా సాగుతోంది. ఆవిడ ప్రాణం కొంచెం కుదుటపడింది. ఇలా కూడా అవుతుందన్నమాట అనుకుంది.

మూడున్నరకి ముడి దగ్గరికి వచ్చాడు. అక్కడ నాళం ముందు నాళం, దాని వెనక ఇంకోటి, వెంట్రుక మందం సందు. గీత ముందుదాని అంచు వెంట పోతూ పోతూ ఆ సందులోంచి జారి వెనకదాని మీద పడింది. తుడిచాడు. మళ్ళీ గీశాడు. మళ్ళీ జారింది. ముప్ఫై రోజుల క్రితం నిద్ర లేచిన కన్ను అది. ఈ వెంట్రుక మందం దానికి ఇంకా అందలేదు. నాలుగూ ఇరవై అయ్యేసరికి పదకొండుసార్లు తుడిచాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"నౌషీన్" అన్నాడు పెట్టె తియ్యకుండా. "మార్చమ్మా. కుడి కంటికి ఇవ్వు."

నౌషీన్ కీబోర్డు మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. శేషఫణి వంక చూడలేదు. భ్రమరాంబ వంక చూసింది.

భ్రమరాంబకి కోపం తెచ్చుకుందామంటే ఎవరిమీదా రావడం లేదు. ఈ అమ్మాయి మీద రావడం లేదు, ఆ పెద్దమనిషి మీద రావడం లేదు, ఎక్కడో మంచం మీద తల బోడిగుండు చేయించుకుని పడుకున్న పిల్ల మీద అసలే రావడం లేదు. డాబా మీద ఆయన అన్న మాట గుర్తొచ్చింది. నువ్వు అక్కడున్నావు అన్నాడు. నిన్న పొద్దున్నే అన్నాడు. దానికి గట్టిగా రెండు రోజులు కూడా నిండలేదు.

"మేడమ్?" అంది నౌషీన్.

"మార్చవే. ఏం చూస్తావు నా మొహం?" అంది భ్రమరాంబ. "టైమెంతైందో చూశావా?"

టిక్కు మారింది. గీత ఒక్క క్షణం నిలబడింది. తర్వాత ముడిలోకి దిగి, సందుల్లోంచి, అంచుల వెంట, ఎక్కడా తడబడకుండా అవతలికి వచ్చింది. పదిహేడు నిమిషాలు పట్టింది. కోటిలింగం మౌస్ వదిలేసి, "అయిపోయింది" అన్నాడు. పటం ఆస్పత్రికి వెళ్ళిపోయింది.

శేషఫణి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రేపటినుంచి ఇక్కడ ఎవరైనా రోజు మార్చి రోజు కన్ను మార్చాల్సిందే టీచరు గారూ. ఈ పద్ధతికి మీ పేరే పెడతాం."

"నా పేరెందుకు? నాలుగు బంతులు కొనిపెట్టుకోండి" అంది ఆవిడ.

పెట్టె తీసిన కోటిలింగం గది చుట్టూ చూశాడు. ఏం కనబడుతోందని ఆవిడ అడగలేదు. ఇంటికొచ్చాక కూడా రింగు బ్యాగులోంచి బయటికి రాలేదు.

*

సోమవారం మధ్యాహ్నం మూడున్నరకి ఏడో తరగతి డ్రిల్లు పీరియడులో మెసేజ్ వచ్చింది. ఆపరేషన్ అయింది. పాప కళ్ళు తెరిచింది. నీళ్ళడిగింది. పటంలో ఉన్నది ఉన్నట్టే ఉందని సర్జన్ చెప్పాడట.

భ్రమరాంబ ఈల పక్క టీచరు చేతికిచ్చి స్కూటరెక్కింది. ఈ కబురు ఫోనులో చెప్పడానికి ఫోను ఆయన దగ్గర లేదు, తన దగ్గరే ఉంది. ఆ తెలివితక్కువతనానికి తనని తనే తిట్టుకుంటూ ఇల్లు చేరింది.

కోటిలింగం వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ గేటు తీస్తూనే, "బతికింది. నీళ్ళడిగిందట" అంది.

ఆయన మొహం విచ్చుకుంది. లేచి నిలబడి, ఆవిడ చెయ్యి పట్టుకుందామని చెయ్యి చాచాడు. పట్టుకున్నాడు కూడా. కానీ ఆవిడ ఇంకా మూడడుగుల దూరంలో ఉంది. ఆయన వేళ్ళు గాలిని గట్టిగా పట్టుకుని, అక్కడేమీ లేదని తెలిసి, విడిపోకుండా అలాగే ఉండిపోయాయి. ఆయన ఆ పిడికిలి వంక చూసుకుని, ఆవిడ వంక చూసి, ఏదో సర్దిచెప్పబోయాడు.

"ఏం జరిగిందని చెప్తారు ఇప్పుడు? నేను జరిగానా?" అంది భ్రమరాంబ.

మూడడుగులు వేసి, ఆయన చెయ్యి ఎక్కడుందో అక్కడికి తన చెయ్యి తీసుకెళ్ళి ఆ పిడికిట్లో పెట్టింది.

"ఇక్కడున్నాను" అంది, విసుగ్గానే.